శస్త్రచికిత్సకు ముందు రాత్రి

అమ్రాబాదు పీఠభూమి నుండి పెద్ద ఆపరేషన్ కొరకు హైదరాబాదు చేరిన రోగి ఆ రాత్రి వార్డు దీపాల వెలుగులో, పక్క మంచాలవారి మూలుగుల నడుమ కన్ను మూయక గడపడం మనం ఎరిగినదే. “రేపు మత్తిచ్చి నిద్రపుచ్చుతారు గదా!” అని బంధువులు ఓదారుస్తారు. ఆ ఓదార్పులోనే పొరపాటున్నది.

మత్తు నిద్ర కాదు. నిద్రించేవాడు పేరు పెట్టి పిలిస్తే లేస్తాడు. మత్తులోనివాడు కత్తిగాటుకు సైతం కదలడు. గాఢనిద్ర, కలలనిద్ర ఒకదాని వెంట ఒకటి వచ్చే సహజమైన వరుస మత్తులో లేదు.

ఈ విద్యలో మన గడ్డకు ఘనచరిత్ర కలదు. ఏ పాలకుని పేరు మహబూబ్‌నగరుకు నిలిచినదో, ఆ ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆదరణతోనే 1888, 1889లలో హైదరాబాదు క్లోరోఫాం కమిషన్లు నడిచాయి. క్లోరోఫాం వలన ముందు ఆగేది శ్వాసయేగాని గుండె కాదని డాక్టర్ ఎడ్వర్డ్ లారీ తేల్చారు. అది సగం సత్యమే. మత్తు తేలికగా ఉన్నపుడు అడ్రినలిన్ తోడైతే గుండె హఠాత్తుగా ఆగవచ్చునని 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై నిరూపించారు. భయంతో రక్తంలో పెరిగేది ఆ అడ్రినలినే! క్లోరోఫాం నేడు ఆపరేషన్ గదుల నుండి వెడలిపోయినది గాని, బెదిరిన దేహం బెదిరిన దేహమే.

నిద్ర కరువైనవారికి నొప్పి హెచ్చుగా తెలుస్తుంది. నొప్పి మందులు ఎక్కువ కావలసివస్తాయి. ఆ మందులలో కొన్ని తిరిగి కలలనిద్రను చెరుపుతాయి. వృద్ధులలో కొందరు ఆపరేషన్ తరువాత అయినవారినే గుర్తించక సంబంధం లేని మాటలాడుతారు. దీనిని గాలి సోకినదనుకొని తాయెత్తు వెదకినవారిని మేమెరుగుదుము. అది మెదడుకు కలిగిన తాత్కాలికమైన కలవరపాటు. నిద్రలేమి దానికి దోహదం చేసే కారణాలలో ఒకటి.

ఒక్క రాత్రి నిద్రలేదని ఆపరేషన్ ఆపరు. వారాల తరబడి నిద్రలేకపోవడం, గురకలో ఊపిరి ఆగి ఆగి రావడం మాత్రం మత్తు వైద్యునికి ముందే చెప్పవలసిన సంగతులు. మా ప్రాంతంలో మరొకటి కూడా ఉన్నది. కల్తీ కల్లులో డైజిపాం, ఆల్ప్రజోలాం వంటి నిద్రమందులు కలపడం పలుమార్లు బయటపడినది. దానికి అలవాటుపడినవాడు ఆసుపత్రిలో చేరి కల్లు మానగానే నిద్ర పట్టదు, చేతులు వణకుతాయి, మతి చెదరుతుంది, ఫిట్లు కూడా రావచ్చును. మత్తుమందు మోతాదు లెక్కకూడా మారవచ్చును. అయినను కేసుషీటు వ్రాసేటపుడు “అలవాట్లేమైనా ఉన్నవా?” అని అడిగితే రోగి తలవంచుకుంటాడు, పక్కనున్న కొడుకు “ఏమీ లేవు సార్” అంటాడు.