ఎకరం తోట, సముద్రం అవతలి బేరం

పారిస్‌లో 2017లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరిచినప్పుడు, 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కినప్పుడు మనవాళ్లు మురిసిపోయారు. మురిసిపోవలసిందే. అయితే ఆ పేరు మీద వచ్చే డబ్బులో రైతు చేతికి ఎంత అందుతుందన్నది మన్యంలో పండు కోసిన రోజు సాయంత్రానికే చాలావరకు తేలిపోతుంది. పాడేరు, చింతపల్లి కొండల్లో కాఫీ రైతంటే ఎకరమో రెండెకరాలో ఉన్న గిరిజన కుటుంబం. ఆ కుటుంబానికి సాయమంటే మొక్కలు పంచి ఫొటో దిగడమనే అలవాటు మనకు పాతదే. నన్నడిగితే, సాయం చేరవలసిన చోటు పండుకూ పచ్చి గింజకూ నడుమనున్న ఆ కొద్ది రోజులు.

కాఫీ పండ్లన్నీ ఒక్కసారి పండవు. ఒకే కొమ్మ మీద పచ్చికాయ, దోరకాయ, ఎర్రపండు పక్కపక్కనే ఉంటాయి. ఎర్రబడినవాటినే ఏరుతూ కొన్ని విడతలుగా కోయాలి. మొత్తం ఒకేసారి దూసేస్తే కూలి కలిసొస్తుంది గాని రుచి పోతుంది. కోసిన పండు కుప్పలో నిలవుంటే పులిసి గింజకు వాసన పడుతుంది కనుక అదే రోజు పల్పింగ్ యంత్రంలో తొక్క తీయాలి, జిగురు పోయేలా కడగాలి, నేలకు తగలకుండా ఆరబెట్టాలి. ఇలా తయారైనదాన్ని పార్చ్‌మెంట్ అంటారు. ఆ వసతి లేక తొక్కతోనే ఎండబెడితే అది చెర్రీ. గిరిజన సహకార సంస్థ కూడా ఈ రెంటినీ వేర్వేరు ధరలకే కొంటుంది. కిలో పచ్చి గింజకు ఐదారు కిలోల పండు కావాలి. ఆ బరువు కొండ దించలేక, ఇంటి దగ్గర యంత్రం లేక, ఎంతకడిగితే అంతకు ఇచ్చేసే రైతును చదువు రానివాడని తేల్చేయడం అన్యాయం. నాలుగైదు గూడేలకొక ఉమ్మడి పల్పింగ్ కేంద్రం, ఎరుపును బట్టి అక్కడికక్కడే ధర ఉంటే ఏరి కోసే ఓపిక దానంతటదే వస్తుంది. కడిగిన మురుగు వాగులో కలవకుండా గుంటల్లోకి మళ్లించడం మాత్రం మరవకూడదు. ఆ వాగు నీళ్లే కింది గూడెం తాగుతుంది.

ఇక నీడ సంగతి. ఎండతోటలో దిగుబడి ఎక్కువ, నీడను నమ్ముకుంటే పేదరికమే మిగులుతుందనే వాదన ఒకటుంది. దిగుబడి వరకు అది నిజమే. కానీ ఎండతోట ఎరువు అడుగుతుంది, నీరు అడుగుతుంది. పైగా అరబికాను తొలిచే తెల్ల కాండం తొలుచు పురుగుకు ఎండ తగిలే మొక్కలంటేనే ఇష్టం. నీడలో పండు నెమ్మదిగా ముదిరి గింజ గట్టిపడుతుంది. నీడచెట్టుకు పాకించిన మిరియాల తీగ మరో ఆదాయం. కాకపోతే నీడంటే సిల్వర్ ఓక్ ఒక్కటే అనుకోవడం పొరపాటు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఆ చెట్టు తొందరగా ఎదుగుతుంది, కలప ఇస్తుంది. కానీ 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకు ఆ చెట్లు కూలి కింది కాఫీ మొక్కలను నలిపేశాయి. పనస, మామిడి, నేరేడు కలిసిన తోట నిలదొక్కుకునే అవకాశం ఎక్కువ.

ఈ నీడ ఇప్పుడు ఎగుమతి కాగితాల్లోకీ ఎక్కుతోంది. 2020 డిసెంబరు 31 తర్వాత అడవి నరికిన నేలలో పండిన కాఫీని రానివ్వబోమని యూరోపియన్ యూనియన్ 2023లో చట్టం చేసింది. అమలు వాయిదాలు పడుతున్నా దారి మారలేదు. నాలుగు హెక్టార్ల లోపు తోటకు మ్యాప్ మీద ఒక్క బిందువు చూపితే చాలు కాబట్టి చిన్న రైతుకు అది కొండంత పనేమీ కాదు. కష్టమల్లా నేల మీద హక్కు చూపడంలో ఉంది. పోడు భూమికి అటవీ హక్కుల పట్టా చేతిలో లేని రైతు ఎంత శుభ్రంగా పండించినా కాగితంలో దోషిలా కనబడతాడు. ఆర్గానిక్ ధ్రువీకరణ మరో మెట్టు; ఒంటరి రైతు దాని ఖర్చు మోయలేడు. యూరప్ కొత్త ఆర్గానిక్ నిబంధనలు బృందానికి అవకాశమిస్తాయి గాని, దానికి చట్టబద్ధమైన ఉనికి ఉండాలి, సభ్యులు 2,000 మించకూడదు. అంటే సంఘం కట్టక తప్పదు.

ఇంత తంటా ఎందుకు, నికార్సయిన కాఫీ తాగేవాళ్లు మన హైదరాబాదులో లేరా అని అడగవచ్చు. ఉన్నారు, అమ్మాలి కూడా. మంచి పార్చ్‌మెంట్ ఎక్కడైనా చెల్లుతుంది. నాణ్యత లేని గింజకు న్యూయార్క్ కాఫీ మార్కెట్ ధరే గతి. ఆ ధర 2001లో పౌనుకు అర డాలరు కిందికి జారింది, 2025 ఫిబ్రవరిలో నాలుగు డాలర్లు దాటింది. ఎకరం రైతు అలాంటి ఊపులో బతకలేడు. దళారి మాత్రం బతికించగలడు, ఎందుకంటే వానాకాలంలో బియ్యానికీ వైద్యానికీ అప్పిచ్చేది అతనే, కోతకు ముందే. దళారిని తిట్టే సంఘాలు ఈ సంగతి తరచూ పక్కన పెడతాయి. జనవరిలో పండు తీసుకుని మే నెలలో డబ్బిచ్చే సంఘం కంటే, వడ్డీ కోసుకున్నా ఈ రోజే నోటు చేతిలో పెట్టేవాడి దగ్గరికే రైతు వెళతాడు.