బరువు తగ్గితే అడుగు తేలిక

స్థూలకాయమనగానే గుండెజబ్బు, మధుమేహం, రక్తపోటు గుర్తుకు వస్తాయి. శరీరభారమంతా మోసే పాదాల సంగతి చాలామంది తలచరు. చరకసంహిత సూత్రస్థానం 21వ అధ్యాయంలో అతిస్థూలునికి కలిగే 8 దోషాలు చెప్పబడ్డాయి. వానిలో ఒకటి ‘జవోపరోధం’, అనగా నడకలో వేగం, చురుకుదనం తగ్గిపోవడం.

పాదంపై భారం

బరువు పెరిగిన కొలదీ అరికాలి వంపు కుంగి పాదం వెడల్పవుతుంది. మడమపైనా, వేళ్ల మొదళ్లపైనా ఒత్తిడి హెచ్చుతుంది. పట్టు తప్పకుండా ఉండేందుకు మనిషి కాళ్లు ఎడంగా పెట్టి, చిన్నచిన్న అడుగులు వేస్తాడు. ఉదయం మంచం దిగగానే మడమలో ముల్లు గుచ్చినట్లు నొప్పి రావచ్చు. దీనిని మేము వాతకంటకంగా పరిగణిస్తాము.

మేదోవృద్ధికి చరకుడు చెప్పిన కారణాలలో అతిభోజనం, వ్యాయామలోపం, పగటినిద్ర ముఖ్యమైనవి. బొగ్గుగనులు, విద్యుత్ కేంద్రం ఉన్న మా ప్రాంతంలో రాత్రి షిఫ్టువారికి పగటినిద్ర తప్పదు. అట్టివారు ఇంటికి రాగానే కడుపునిండా తిని పడుకోరాదు. తేలికగా తిని, కొంత వ్యవధి ఇచ్చి నిద్రించాలి.

తగ్గితే కలిగే మేలు

మోకీళ్లు అరిగిన స్థూలకాయులపై అమెరికాలో జరిగి 2005లో వెలువడిన పరిశోధన ప్రకారం, ఒక కిలో బరువు తగ్గితే ప్రతి అడుగులోనూ మోకాలిపై సుమారు 4 కిలోల భారం తగ్గుతుంది. అరికాలి ఒత్తిడి తగ్గుతుంది, అడుగు సాగుతుంది, చెప్పులు కూడా వదులు కావచ్చు. అయితే ఏళ్ల తరబడి కుంగిన వంపు పూర్తిగా లేవకపోవచ్చు. కఠినోపవాసాలతో త్వరగా తగ్గితే కండ కూడా కరిగి కాళ్లలో బలం పోతుంది.

జ్యోతినగర్ గృహిణి ఒకరు 86 కిలోల బరువుతో నా వద్దకు వచ్చారు. “నడిస్తే కదా తగ్గేది? అడుగే పడనప్పుడు ఎలా నడవను డాక్టరుగారూ?” అని అడిగారు. మొదట వంటింట్లో మార్పు, తరువాత పాదాలకు బలం, ఆ పిమ్మట నడక అని చెప్పాను. ఏడు నెలలలో ఆమె 78 కిలోలకు వచ్చారు. దారిలో కూర్చోకుండా కూరగాయలు తెచ్చుకుంటున్నారు.

ఆచరించవలసినవి

1. ఆహారం కడుపు నింపాలి, కొవ్వు పెంచరాదు. అన్నం తగ్గించి జొన్నరొట్టె లేదా కొర్రలు, ఉలవచారు, పెసరకట్టు, ఆకుకూరలు, వెన్న తీసిన మజ్జిగ తీసుకోవాలి.

2. స్నానానికి ముందు మెత్తని ఉలవపిండితో పాదం నుండి మోకాలి వరకు, క్రింది నుండి పైకి పొడిగా రుద్దాలి. దీనిని ఉద్వర్తనమంటారు. రాత్రి అరికాళ్లకు గోరువెచ్చని నువ్వులనూనె మర్దన చేసి, తుడిచిన పిమ్మటే నడవాలి.

3. గోడ పట్టుకొని మడమలు పైకెత్తి దించడం 10 సార్లు, నేలపై పరచిన తువ్వాలును కాలివేళ్లతో దగ్గరకు లాగడం 10 సార్లు చేయాలి.

4. ఈ వేడి ప్రాంతంలో సూర్యోదయానికి ముందే నడవాలి. 10 నిమిషాలతో ప్రారంభించి, వారానికి 2 నిమిషాలు పెంచాలి. హవాయి చెప్పులు పనికిరావు. మడమను పట్టి ఉంచే మెత్తని బూట్లు ధరించాలి.

హెచ్చరిక

మధుమేహులు వట్టికాళ్లతో నడవరాదు, పాదాలకు కాపడం పెట్టరాదు, రోజూ అరికాళ్లు పరీక్షించుకోవాలి. మాత్రలు లేదా ఇన్సులిన్ వాడేవారు వైద్యునితో చెప్పకుండా ఆహారం తగ్గించరాదు. ఒక్క కాలే వాచినా, కాళ్లవాపుతో ఆయాసం ఉన్నా గృహచికిత్సతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.