మాదాపూర్ వెలుగుకు బొగ్గు ఎక్కడిది?

హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో, అంటే మాదాపూర్, హైటెక్ సిటీ, గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లలో పొగగొట్టాలు కనిపించవు. అయినా అక్కడి లిఫ్టులు, ఏసీలు, సర్వర్ గదులు రాత్రింబవళ్లు నడవాలంటే ఎక్కడో ఒకచోట బొగ్గు కాలుతూనే ఉండాలి. జలవిద్యుత్తు, సౌరవిద్యుత్తు కూడా గ్రిడ్‌లో కలుస్తాయి కానీ, తెలంగాణ కరెంటుకు ఇప్పటికీ పెద్ద దిక్కు బొగ్గే. ఆ బొగ్గు ఎలా పుట్టింది, ఎలా పైకి వస్తోంది, దాని భారం ఎవరి మీద పడుతోంది?

బొగ్గు గోదావరిఖనిలో ఉంది, మాదాపూర్ కింద ఎందుకు లేదు?

మాదాపూర్‌లోని దుర్గం చెరువు చుట్టూ ఉన్న బండలు గ్రానైటు. భూగర్భంలో కరిగిన శిల మెల్లగా చల్లారి గట్టిపడితే ఏర్పడ్డాయి. వాటి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. అప్పటికి భూమ్మీద చెట్టన్నదే లేదు. బొగ్గు పుట్టేది చెట్ల నుంచి. కాబట్టి ఆ రాతిని ఎంత లోతు తవ్వినా బొగ్గు దొరకదు.

గోదావరిఖని ఉన్న ప్రాణహిత-గోదావరి లోయ సంగతి వేరు. అక్కడ నేల బారుగా చీలి, చీలికల మధ్య భాగం కుంగుతూ వచ్చింది. 25 నుంచి 30 కోట్ల ఏళ్ల కిందట ఆ పల్లంలో చిత్తడి అడవులు పెరిగాయి. నాలుక ఆకారపు ఆకులుండే గ్లోసోప్టెరిస్ అప్పటి ముఖ్యమైన చెట్టు. దాని ఆకుల ముద్రలు ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, అంటార్కిటికాలో కూడా దొరికాయి. ఆ నేలలన్నీ అప్పట్లో కలిసే ఉండేవి.

కూలిన చెట్టు కుళ్లిపోకుండా బొగ్గుగా ఎలా మారింది?

చెట్టు కూలితే శిలీంధ్రాలు, బ్యాక్టీరియా దాన్ని తినేస్తాయి. అందుకు ఆక్సిజన్ కావాలి. నిలవ నీటిలో మునిగిన మానుకు అది సరిగా అందదు, కుళ్లడం సగంలో ఆగిపోతుంది. అలా పేరుకున్న పొర మీద నదులు ఇసుకను, బురదను తెచ్చి పోశాయి. లోయ కుంగేకొద్దీ పొర లోతుకు దిగింది. పైబరువుకు, అడుగు వేడికి నీరు, వాయువులు వెళ్లిపోయి కార్బన్ పాలు పెరుగుతూ వచ్చింది. నీటితో కొట్టుకొచ్చిన మట్టి కూడా అందులో కలిసిపోయింది. మన బొగ్గులో బూడిద ఎక్కువ ఉండడానికి అదే కారణం.

బొగ్గు డైనోసార్ల నుంచి వచ్చిందా అని పిల్లలు అడుగుతుంటారు. కాదు. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటాసారస్ అస్థిపంజరం ఈ లోయలోదే. కానీ అది జురాసిక్ కాలపు జంతువు. అది తిరిగేనాటికే బొగ్గు పొరలు భూమిలో కప్పబడి ఉన్నాయి.

బొగ్గును పైకి ఎలా తీస్తారు?

1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించారు. 1889లో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో ఏర్పడింది. అండర్‌గ్రౌండ్ బాయిలో (గనిలో) పైకప్పు కూలకుండా బొగ్గునే స్తంభాలుగా వదిలి, వాటి మధ్య తవ్వుకుంటూ పోతారు. తట్ట, చెమ్మస్ (పార) పట్టిన కార్మికులు చేసిన ఆ పనిలో చాలా భాగం తరవాత యంత్రాలకు మారింది. ఇప్పుడు ఎక్కువ బొగ్గు ఓపెన్‌కాస్ట్ గనుల నుంచే వస్తోంది. అక్కడ పైనున్న అడవిని, మట్టిని, రాతిని మొత్తం తొలగించాలి. టన్ను బొగ్గుకు దాదాపు ఐదారు ఘనపు మీటర్ల మట్టి లేస్తుంది. 2023-24లో సింగరేణి తీసిన బొగ్గు 7 కోట్ల టన్నులు. గనుల పక్కన గుట్టల్లా ఓబీ (ఓవర్‌బర్డెన్, అంటే తొలగించిన మట్టి, రాయి) కుప్పలు ఎందుకు లేచాయో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఒక్క యూనిట్ కరెంటు వెనక ఎంత ఉంది?

మన థర్మల్ కేంద్రాల్లో యూనిట్‌కు సుమారు ఆరేడు వందల గ్రాముల బొగ్గు కాలుతుంది. ఆ వేడిలో మూడో వంతుకు కాస్త అటూ ఇటుగా మాత్రమే కరెంటవుతుంది. మిగిలింది నీటిలో, గాలిలో కలిసిపోతుంది. వెలువడే కార్బన్ డయాక్సైడ్ మాత్రం దాదాపు కిలో. కాల్చిన బొగ్గు కన్నా వచ్చిన వాయువు బరువు ఎలా పెరిగింది? 12 గ్రాముల కార్బన్ గాలిలోని 32 గ్రాముల ఆక్సిజన్‌తో కలిసి 44 గ్రాములవుతుంది. కోట్ల ఏళ్లపాటు నేలలో దాగిన కార్బన్ ఇలా గంటల్లో గాలికెక్కుతుంది. అక్కడ కార్బన్ డయాక్సైడ్‌గా, ఎండకు వేడెక్కిన భూమి వదిలే వేడిలో కొంత బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది.

ఆ వాయువు భారం ప్రపంచమంతా మోస్తుంది. దుమ్ము, బూడిద మాత్రం బొగ్గు గనులున్న కోల్‌బెల్ట్ ఊళ్లలోనే మిగులుతాయి. బ్లాస్టింగ్‌కు గోడలు బీటలు వారడం, గనుల్లోంచి నీళ్లు తోడేస్తుంటే చుట్టుపక్కల బావులు ఎండడం, బొగ్గు లారీల దారిలో చెట్ల ఆకులు నల్లబడడం, ఇవన్నీ అక్కడివారి రోజువారీ బాధలు.

ఐటీ కారిడార్ ఏం చేయగలదు?

ఇక్కడి ఆఫీసుల్లో చాలావాటికి అమెరికా పగలే పనివేళ. మన రాత్రిపూట సోలార్ పలకల నుంచి కరెంటు రాదు, బొగ్గు మీద భారం పెరుగుతుంది. అందుకే రాత్రి వాడకాన్ని ముందు తగ్గించాలి. మనుషుల్లేని అంతస్తుల్లో ఏసీలు ఆపడం, ఉన్నచోట 24 డిగ్రీల దగ్గర ఉంచడం, పగటి సౌరవిద్యుత్తును బ్యాటరీల్లో దాచుకోవడం ఈరోజే సాధ్యమయ్యే పనులు.

కట్టడం తీరూ మారాలి. పడమటి ఎండకు ఎదురుగా నీడలేని అద్దాల గోడ కడితే లోపలి వేడిని తోడేయడానికి ఏసీ గంటల తరబడి శ్రమించాలి. దానికి మందు ఇక్కడే ఉంది. హైటెక్ సిటీ పక్కన కొత్తగూడలోని సీఐఐ-సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ పర్యావరణహిత భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం రేటింగ్‌ను అమెరికా బయట పొందిన తొలి భవనం. 2004లో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం దాన్ని ప్రారంభించారు. పైకప్పు మీద తోటలు, పగటి వెలుతురు లోపలికి వచ్చే ఏర్పాటు, గాలిని చల్లబరిచే టవర్లు, సౌర పలకలు అందులో ఉన్నాయి. తరవాత లేచిన ప్రతి టవరూ ఆ దారిలోనే నడిచి ఉండాల్సింది. ఇకనైనా ఆఫీసు అద్దెకు తీసుకునే కంపెనీలు చదరపు అడుగు ధరతో పాటు ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతాయో కూడా అడగాలి. ఆ ప్రశ్న గట్టిగా వినిపిస్తే బిల్డర్ గోడ మారుస్తాడు. గోడ మారితే గోదావరి లోయలో తవ్వాల్సిన బొగ్గు తగ్గుతుంది.