సముద్రంలో నూనెను పట్టే నీలిలైటు

కోవిల్‌పట్టి, విరుదునగర్ స్పిన్నింగు మిల్లుల్లో ప్యాకింగు పని చేసినోళ్ళకు నీలిలైటు సంగతి తెలుసు. చీకటి గదిలో ఆ లైటు కింద కోన్లు పెట్టి చూస్తాం. పగటి వెలుతుర్లో అన్నీ ఒకే తెలుపు. లైటు కింద మాత్రం వేరే లాటు నూలు కలిసుంటే దాని మెరుపు వేరుగా తెలిసిపోతాది. ఇదే ఉపాయంతో సముద్రం మీద ఒలికిన నూనెను పట్టే యంత్రం ఉండాది.

దాని అవసరం ఏమంటే చెప్తాను. 2017 జనవరి 28న చెన్నై పక్కన ఎన్నూరులో, కామరాజర్ పోర్టు దగ్గర రెండు ఓడలు గుద్దుకున్నాయి. ఓడ నూనె సముద్రంలో పడి తీరానికి కొట్టుకొచ్చింది. కూలీలు, కుర్రాళ్ళు బక్కెట్లతో ఎత్తిపోసినారు. జాలర్లకు చేపల బేరం పడిపోయింది. 2023 డిసెంబరు తుఫాను వరదలో ఎన్నూరు ఏటిలోకి మళ్ళీ నూనె చేరింది. నూనెను ఎంత తొందరగా పట్టుకుంటే నష్టం అంత తక్కువ.

ఉపగ్రహం రాడారుతో చూస్తాది. నూనె పడినచోట చిన్న అలలు అణిగి, చిత్రంలో నల్ల మచ్చగా కనిపిస్తాది. కానీ గాలి లేని నీళ్ళూ అట్లే నల్లగా ఉంటాయి. ఏది నూనె, ఏది కాదు?

ఇక్కడే లేజరు పనికొస్తాది. తక్కువ ఎత్తులో ఎగిరే విమానం నుంచి కంటికి కనపడని అతినీలలోహిత కాంతిని నీళ్ళ మీదికి కొడతారు. నూనె ఆ కాంతిని తాగి, తన రంగులో మెరుస్తాది. నాచు అయితే ఎర్రగా మెరుస్తాది. విరుదునగర్ బజారులో నూనె వ్యాపారి వాసన చూసి నువ్వులదా చెనక్కాయలదా చెప్పినట్టు, ఆ మెరుపును బట్టి ముడి నూనెనా, డీజిలా, చిక్కటి ఓడ నూనెనా అని యంత్రం చెప్తాది. రాత్రిపూటా పని చేస్తాది. మంచు, మబ్బు అడ్డమొస్తే మాత్రం చేయదు. ఖరీదూ ఎక్కువే.

జర్మనీలో తీరం కాచే డోర్నియర్ విమానంలో ఈ యంత్రం పెట్టినారు. మన కోస్టుగార్డుకూ డోర్నియర్లు ఉన్నాయి. నూనె ఎటు కొట్టుకుపోతాదో లెక్కగట్టి చెప్పే ఇన్‌కాయిస్ సంస్థ హైదరాబాదులో ఉండాది. ఎక్కడ పడిందో ముందు తెలిస్తేనే ఆ లెక్కకు విలువ.

మన కాలనీల పిల్లకాయలు తూత్తుకుడి హార్బరు పనికి పోతున్నారు. నాయనలారా, నీళ్ళ మీద నూనె తెట్టె కనిపిస్తే ఊరకుండొద్దు. కోస్టుగార్డు నంబరు 1554. వట్టి చేతులతో మాత్రం దాన్ని ముట్టుకోవద్దు.