అడాప్టర్ తనను తాను ఎలా పరిచయం చేసుకుంటుంది?

1990ల మొదట్లో కంప్యూటర్‌కు నెట్‌వర్క్ కార్డు పెట్టాలంటే పెట్టె విప్పాల్సిందే. మదర్‌బోర్డు మీద ఖాళీ స్లాట్ చూసి కార్డు దిగ్గొట్టాలి. దానికి ఏ ఐఆర్‌క్యూ నంబరు (కార్డు ప్రాసెసర్‌ను పిలవడానికి వాడేది) ఇవ్వాలో చాలా కార్డుల్లో చిన్న చిన్న జంపర్లతో మనమే కుదర్చాలి. సౌండ్ కార్డుకూ దానికీ ఒకే నంబరు పడిందా, పని ఆగినట్టే. ఈ బాధ తప్పించడానికి ఇంటెల్, మైక్రోసాఫ్ట్, ఐబీఎం, కాంపాక్ లాంటి ఏడు సంస్థలు చేతులు కలిపాయి. 1996 జనవరిలో యూఎస్‌బీ తొలి ప్రమాణం వచ్చింది. ఇంటెల్ తరఫున ఆ పనిలో ముందున్నవారిలో వడోదరలో ఇంజనీరింగ్ చదివిన అజయ్ భట్ ఒకరు.

గుచ్చిన వస్తువు తానెవరో తానే చెప్పుకోవాలి. యూఎస్‌బీకి ప్రాణం ఈ నియమమే. ల్యాప్‌టాప్ వైఫై అడాప్టర్‌ను గుర్తించడం లేదంటే ఆ పరిచయం మధ్యలో ఎక్కడో ఆగిందన్నమాట. ఎక్కడ ఆగిందో కనిపెట్టకుండా డ్రైవర్లు తీసేసి మళ్లీ వేస్తూ కూర్చుంటే పొద్దుపోవడమే తప్ప పని జరగదు.

ప్లగ్గులో నాలుగు లోహపు పట్టీలుంటాయి. కరెంటు మోసే రెండు అంచు పట్టీలూ కాస్త పొడుగు. అందువల్ల అడాప్టర్‌కు ముందు 5 వోల్టుల కరెంటు అందుతుంది, డేటా తీగలు ఆ తర్వాత తగులుతాయి. అప్పుడు అడాప్టర్‌లోని 1.5 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒక డేటా తీగ మీద వోల్టేజీని పెంచుతుంది. పోర్టులోకి ఏదో వచ్చిందని ల్యాప్‌టాప్‌కు తెలిసేది దానివల్లే. అది అడాప్టర్‌ను రీసెట్ చేసి, 127 లోపు ఒక చిరునామా ఇచ్చి, వివరాలు అడుగుతుంది. జవాబుగా వచ్చే 18 బైట్లలో తయారీదారు నంబరు, వస్తువు నంబరు ఉంటాయి. ఆ రెంటినీ బట్టే ఆపరేటింగ్ సిస్టమ్ డ్రైవర్‌ను వెతుకుతుంది.

లైటు వెలుగుతోంది కాబట్టి అడాప్టర్ బాగానే ఉందనుకుంటారు చాలామంది. కరెంటు అందుతోందని తప్ప ఆ లైటు ఇంకేమీ చెప్పదు. గుచ్చినా, పీకినా విండోస్ డివైస్ మేనేజర్‌లో ఏ కదలికా లేకపోతే డేటా తీగల దగ్గరే తేడా ఉంది. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్ మధ్యలో ఉన్నా ఇలాగే అవుతుంది. ‘డిస్క్రిప్టర్ రిక్వెస్ట్ ఫెయిల్డ్’ అని వస్తే, వచ్చిన సంగతి తెలిసింది గానీ వివరాలు అందలేదని అర్థం. అప్పుడు మధ్యలో హబ్ ఉంటే తీసేసి నేరుగా ల్యాప్‌టాప్ పోర్టులోనే గుచ్చి చూడాలి. సొంత కరెంటు లేని యూఎస్‌బీ 2.0 హబ్ ఒక్కో పోర్టుకు 100 మిల్లీ ఆంపియర్లే ఇవ్వగలదు. వైఫై అడాప్టర్లు చాలావరకు అంతకన్నా ఎక్కువే అడుగుతాయి. కోడ్ 28 కనిపిస్తే మాత్రం పరిచయం పూర్తయింది, లేనిది డ్రైవరే.

డ్రైవర్ కోసం డబ్బా మీది పేరు నమ్ముకోకూడదు. టీపీ-లింక్ డబ్ల్యూఎన్722ఎన్ మొదటి వెర్షన్‌లో ఎథెరోస్ చిప్ ఉండేది. రెండో వెర్షన్‌లో రియల్‌టెక్ చిప్ వచ్చింది. మోడల్ పేరు అదే, డ్రైవర్ పూర్తిగా వేరు. కొనేవాళ్లకు ఇది అన్యాయమని నా అభిప్రాయం. విండోస్‌లో హార్డ్‌వేర్ ఐడీ, లినక్స్‌లో ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’ కమాండ్ చూపే నంబర్లు చూసుకుని వెతకడమే మేలు.

ఆ నంబర్లు కూడా మారువేషం వేసే సందర్భం ఒకటుంది. రియల్‌టెక్ 8811సీయూ చిప్ ఉన్న చౌక అడాప్టర్లు కొన్ని గుచ్చగానే సీడీ డ్రైవ్‌గా పరిచయం చేసుకుంటాయి. విండోస్ డ్రైవర్‌ను తమలోనే మోసుకురావడానికి ఈ ఏర్పాటు. డ్రైవర్ పడ్డాక అసలు రూపానికి వస్తాయి. ఆలోచన మంచిదే. డ్రైవర్ దింపుకోవడానికి నెట్ కావాలి, నెట్ కోసం ఈ డ్రైవర్ కావాలి. ఆ చిక్కును అది తప్పిస్తుంది. లినక్స్‌లో మాత్రం చాలాసార్లు 0బీడీఏ:1ఏ2బీ అనే నంబరుతో డిస్క్‌గానే ఉండిపోతాయి, వైఫై జాడ కనిపించదు. ‘యూఎస్‌బీ మోడ్‌స్విచ్’ అనే చిన్న ప్రోగ్రామ్ ఆ సీడీని ఎజెక్ట్ చేయగానే అడాప్టర్ ఒకసారి తెగి, 0బీడీఏ:సీ811 నంబరుతో మళ్లీ వస్తుంది. ఈలోగా నెట్ కావాలంటే ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టుకోవచ్చు. ఈ చిప్ డ్రైవర్ 2023 ఫిబ్రవరిలో వచ్చిన 6.2 నుంచి లినక్స్ కెర్నల్‌లోనే ఉంది.