వరికి సటైవా, వెల్లుల్లికి సటైవం!

మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాల్లో నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీటితో విస్తారంగా పండే పంట వరి. దాని శాస్త్రీయ నామం ఒరైజా సటైవా. వెల్లుల్లిని అల్లియం సటైవం అనీ, కీరదోసను కుకుమిస్ సటైవస్ అనీ అంటారు. మూడింటిలోనూ రెండవ పదానికి అర్థం ఒక్కటే: 'సాగు చేసేది' అని. మరి ఆ పదం చివర మూడు రకాలుగా ఎందుకున్నది? కారణం తెలియక బట్టీ పట్టిన విద్యార్థులు పరీక్షలో ఒకదాని తోక మరొకదానికి తగిలిస్తుంటారు.

ముందుగా మన భాషను చూడండి. మంచి బాలుడు, మంచి బాలిక, మంచి పుస్తకాలు అంటాం. 'మంచి' అనే విశేషణం ఎక్కడా మారలేదు. హిందీ పాఠంలో అలా కుదరదు. అచ్ఛా లడ్కా, అచ్ఛీ లడ్కీ, అచ్ఛే లడ్కే అనాలి. విశేషణం తన నామవాచకపు లింగ వచనాలను అనుసరించి మారుతుంది.

లాటిన్ భాషదీ ఇదే పద్ధతి. అందులో లింగాలు మూడు. స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లో ప్రచురించిన గ్రంథంలో మొక్కలకు రెండేసి పదాల పేర్లు పెట్టాడు. మొదటిది ప్రజాతి, రెండవది జాతి. జాతి పేరు విశేషణమైతే, అది ప్రజాతి పేరు యొక్క లింగాన్ని అనుసరించాలి. ఒరైజా స్త్రీలింగం, కనుక సటైవా. అల్లియం నపుంసకలింగం, కనుక సటైవం. కుకుమిస్ పుంలింగం, కనుక సటైవస్.

అయితే ప్రాస కుదిరితే చాలుననుకోకండి. నువ్వులు సెసామం ఇండికం. చింతచెట్టు మాత్రం టామరిండస్ ఇండికా. 'ఇండికస్' ఎందుకు కాలేదు? లాటిన్‌లో చెట్ల పేర్లు సాధారణంగా స్త్రీలింగాలు. చివర 'అస్' ఉన్నా అంతే. రావిచెట్టు ఫైకస్ రెలిజియోసా కావడానికి కారణం కూడా ఇదే.

లాటిన్ నుండి పుట్టిన స్పానిష్ భాషకు ఈ పద్ధతి వారసత్వంగా వచ్చింది. మిరియాలు పైపర్ నైగ్రం, నల్ల ఆవ బ్రాసికా నైగ్రా. నలుపును తెలిపే ఆ లాటిన్ మాటే స్పానిష్‌లో నేగ్రో, నేగ్రా అయింది. నల్ల ఎద్దు 'తోరో నేగ్రో', నల్ల ఆవు 'వాకా నేగ్రా'. ఎద్దులు ఎక్కువైతే 'తోరోస్ నేగ్రోస్', ఆవులు ఎక్కువైతే 'వాకాస్ నేగ్రాస్'. విశేషణం నామవాచకం వెనుకనే నడుస్తూ దాని బహువచనాన్ని కూడా తీసుకుంటుంది. నపుంసకలింగ నామవాచకాలు ఆ భాషలో మిగలలేదు. చింతచెట్టు వంటి చిక్కు మాత్రం అక్కడా ఉన్నది. 'మానో' అంటే చెయ్యి. చివర 'ఓ' ఉన్నా అది స్త్రీలింగమే. కనుక తెల్లని చెయ్యి 'మానో బ్లాంకా' అవుతుంది గాని, 'బ్లాంకో' కాదు.

ఈ సూత్రం తెలిస్తే పాత పుస్తకాలు చదివేటప్పుడు పొరపాటు పడం. సూర్యాపేట చుట్టుపక్కల చెలకల్లో వేసే పెసరను తీసుకోండి. లిన్నేయస్ దానికి పెట్టిన పేరు ఫేసియోలస్ రేడియేటస్. 1954లో దానిని విగ్నా ప్రజాతిలోకి మార్చారు. విగ్నా స్త్రీలింగం గనుక పేరు విగ్నా రేడియేటా అయింది. తెలియనివారు ఈ రెండూ వేరువేరు పంటలనుకోవచ్చు. మినుము కూడా ఫేసియోలస్ నుండి విగ్నాలోకి మారింది. కాని 'ముంగో' అనే దాని జాతి పేరు మారలేదు. అది విశేషణం కాదు, నామవాచకం. అందుకే దానికి ఈ నియమం వర్తించదు.

ఇప్పుడు మీకొక ప్రశ్న. పొద్దుతిరుగుడు హీలియాంథస్ ఆన్యువస్, మిరప కాప్సికం ఆన్యువం. రెండవ పదానికి 'ఏడాది మొక్క' అని అర్థం. వీటిలో ఏ ప్రజాతి పేరు ఏ లింగమో చెప్పగలరా?