తామరకు పైపూత

తామర యనగా మన భాషలో పద్మమునకును పేరే, చర్మవ్యాధికిని పేరే. ఈ రెండవ తామరను సంస్కృతమున దద్రువందురు. ఇది రక్తము చెడుటచేత గాని, వేడి చేయుటచేత గాని పుట్టునది కాదు. ఊరగాయ జాడీలో పట్టెడి బూజు వంటి సూక్ష్మజీవి చర్మపు పైపొరను తినుచు గుండ్రముగా వ్యాపించును. అంచు ఎఱ్ఱగా పొక్కులతో నుండి, నడుమ మానినట్లు కనబడుట దాని గుర్తు. చెమటయు తడియు దానికి ప్రాణము. జనగామ, మానుకోట ప్రాంతములలో నాట్లు వేయు స్త్రీలకు వ్రేళ్ళ సందులు చీకుటయు, భూపాలపల్లి బొగ్గుగనులలో చెమటోడ్చి పనిచేయువారికి గజ్జలలో దురద పుట్టుటయు ఇందుచేతనే.

వానకాలమున మన గట్లమీద మొలచు తగిరిసకు అమరకోశమున దద్రుఘ్నమను పేరున్నది. దాని గింజలను పుల్లమజ్జిగతో నూరి పూయుట పెద్దలెఱిగినదే. పేరు గొప్పదే, కాని నిశ్చయముగా పనిచేయు మందులుండగా దానినే నమ్ముకొని నెలలు గడపుట తగదని నా అభిప్రాయము.

బెంజోయికామ్లము నూటికి ఆరు పాళ్ళు, సాలిసిలికామ్లము మూడు పాళ్ళు చేర్చిన విట్‌ఫీల్డు లేపనము చౌకయైనది. అరికాలి మందపు చర్మమునకు మేలు చేయును. గజ్జలలో పూసినచో భగ్గున మండును. అచ్చట క్లోట్రిమజోల్ వంటి క్రీము దినమునకు రెండుమార్లు పూయుట మేలు. టెర్బినాఫిన్ అనునది యొకప్పుడు రెండు వారములలో మాన్పెడిది. ఇప్పుడు మన దేశమున ప్రబలిన జాతి పెక్కుచోట్ల దానికి లొంగుట లేదు. 2020లో జపాను శాస్త్రజ్ఞులు ఆ జాతికి ట్రైకోఫైటాన్ ఇండోటినియే యని పేరిడిరి. మన దేశపు పేరు అందు చేరుట గర్వింపదగినది కాదు.

అసలు కీడు వేఱొకటి గలదు. అంగడివాడు చేతికిచ్చు గొట్టములలో పెక్కింట స్టెరాయిడు కలిసియుండును. పూసిన రెండు దినములలో దురద పోవును, ఎఱుపు తగ్గును, రోగి సంతోషించును. లోపల బూజు మాత్రము అడ్డులేక పెరుగును. మానినంతనే మునుపటికంటె వెడల్పుగా లేచును. గుండ్రని అంచు చెరిగి వైద్యుడు సైతము పోల్చుకొనుట కష్టమగును. నెలల తరబడి పూసినచో చర్మము పలుచబడి చారలు పడును. ఆ చారలు మరల పోవు. 2018లో భారత ప్రభుత్వము ఇట్టి పదునాలుగు స్టెరాయిడు పూతలను వైద్యుని చీటి లేనిదే అమ్మరాదని నిబంధన చేసినది. కనుక చదువవచ్చినవారు గొట్టము మీది పేర్లు చదువవలెను. క్లోబెటసాల్, బెటామెథసోన్, మొమెటసోన్ అను వానిలో ఏది కనబడినను తామరకు దానిని కొనరాదు.

స్నానముచేసి, పొడిగా తుడుచుకొని, మచ్చకు చుట్టును రెండు వ్రేళ్ళ వెడల్పు ఎక్కువగా పూయవలెను. మచ్చ మాయమైన పిదపకూడ రెండు వారములు విడువరాదు. పలువురు ఇక్కడనే చెడుదురు. ఇంటిలో ఒకరికున్న తువాలు మఱొకరు వాడరాదు. బట్టలు వేడినీట ఉతికి ఎండలో ఆరవేయవలెను. ఇంటిలో దురదగలవారందఱును ఒక్కసారే మందు వాడనిచో ఒకరినుండి యొకరికి తిరుగుచునే యుండును. మాటిమాటికి వచ్చువారు మధుమేహ పరీక్ష చేయించుకొనవలెను.

పిల్లల తలలోని తామరకును, గోటి తామరకును పైపూత చాలదు; కడుపులోనికి మందు కావలెను. దురద లేక, తాకినను తెలియని మచ్చ తామర కాదు. అది కుష్ఠు కావచ్చును. దానికి ప్రభుత్వ ఆరోగ్యకేంద్రమున మందు ఉచితముగా నిత్తురు.